‘కెనడాలో పుట్టాడట’ అంటే సరిపోదు: పూర్వీకుల జాడ ఏ పుస్తకంలో, ఎందుకు దొరుకుతుంది

2025 డిసెంబర్ 15న కెనడా పౌరసత్వ చట్టానికి చేసిన ఒక సవరణ అమల్లోకి వచ్చింది. పార్లమెంటులో దాని పేరు బిల్ సి-3. చదవడానికి పొడిగా ఉండే చట్టమే కానీ, దాని వల్ల ఎంతోమంది ఇళ్లలో పాత పెట్టెలు తెరుచుకున్నాయి. ముఖ్యంగా అమెరికాలో ఉన్నవాళ్లు తాతముత్తాతల గురించి ఆరా తీయడం మొదలుపెట్టారు. ‘మా ముత్తాత కెనడాలో పుట్టాడట’ అని చిన్నప్పటి నుంచి వింటున్న మాటకు ఇప్పుడు కాగితం కావాలి.

చాలామంది ఆ కాగితం దగ్గరే ఆగిపోతారు. కెనడా మొత్తానికి కలిపి ఒకే జనన రిజిస్టరు ఏనాడూ లేదు. ఒక రాష్ట్రంలో 1600ల నుంచీ వరుసగా పేర్లు దొరుకుతాయి, పక్క రాష్ట్రంలో 1860ల దాకా ప్రభుత్వ రికార్డే ఉండదు. ఒకచోట చర్చి రాసుకుంది, ఒకచోట పన్ను వసూలు చేసేవాడు, ఇంకోచోట ఓడరేవు గుమాస్తా. అందుకే ‘పేరు ఎక్కడుంది’ అని వెదికే ముందు ‘ఆ కాలంలో, ఆ చోట, ఎవరు ఎందుకు పేర్లు రాసుకున్నారు’ అని అడగాలి. ఈ ఒక్క ప్రశ్న పట్టుకుంటే మిగతా చిక్కుముడులు చాలావరకు విడిపోతాయి.

పౌరసత్వానికీ వంశవృక్షానికీ లింకు ఎక్కడ

ముందు చట్టం సంగతి. ఒక తెలుగు కుటుంబాన్ని ఊహించుకుందాం. తండ్రి హైదరాబాద్ నుంచి టొరంటో వెళ్లి కెనడా పౌరుడయ్యాడు. ఆ తర్వాత కూతురు హైదరాబాద్‌లో అమ్మమ్మగారింట్లో పుట్టింది. తండ్రి పౌరుడు కాబట్టి ఆమెకూ పుట్టుకతోనే పౌరసత్వం వచ్చింది. దీన్నే వారసత్వంగా వచ్చే పౌరసత్వం అంటారు. ఆ అమ్మాయి పెద్దదై, అమెరికాలో ఉద్యోగం చేస్తూ అక్కడే బిడ్డను కన్నది. 2009 నుంచి 2025 దాకా ఉన్న నిబంధన ప్రకారం ఆ బిడ్డకు కెనడా పౌరసత్వం వచ్చేది కాదు. బయట పుట్టిన మొదటి తరంతోనే వారసత్వం ఆగిపోవాలన్నది ఆ నిబంధన.

ఆ నిబంధన వెనక 2006 నాటి లెబనాన్ యుద్ధం ఉంది. అప్పుడు కెనడా ప్రభుత్వం సుమారు 15 వేలమందిని ఓడల్లో, విమానాల్లో అక్కడి నుంచి తరలించింది. ఏళ్ల తరబడి కెనడాలో అడుగుపెట్టనివాళ్ల బాధ్యత కూడా దేశం మోయాలా అని పెద్ద చర్చ జరిగింది. ఫలితంగా 2009లో గీత గీశారు. ఆ గీత వల్ల పని మీద విదేశాల్లో ఉన్న మామూలు కుటుంబాల పిల్లలు కూడా బయట మిగిలిపోయారు. 2023 డిసెంబర్‌లో ఒంటారియో సుపీరియర్ కోర్టు అది రాజ్యాంగ విరుద్ధమని తీర్పు చెప్పింది. బిల్ సి-3 ఆ తీర్పు నుంచే వచ్చింది.

కొత్త చట్టం రెండు కాలాలను విడదీస్తుంది. 2025 డిసెంబర్ 15కు ముందు పుట్టినవారికి మొదటి తరం పరిమితి అడ్డు రాదు. ఆ తేదీన గానీ తర్వాత గానీ విదేశంలో పుట్టే బిడ్డ విషయంలో మాత్రం, తల్లి లేదా తండ్రి కూడా విదేశంలోనే పుట్టి ఉంటే, ఆ తల్లి లేదా తండ్రి బిడ్డ పుట్టకముందు కెనడాలో మొత్తం 1,095 రోజులు ఉన్నట్టు చూపాలి. దేశంతో బంధం తెగినవారికి కూడా పౌరసత్వం దక్కుతుందని, ఆ మూడేళ్లూ ఒక ఐదేళ్ల వ్యవధిలోనే ఉండాలని, భాషా పరీక్ష పెట్టాలని ప్రతిపక్షం వాదించింది. పౌరసత్వం పుట్టుకతో వచ్చే హక్కని, అమ్మానాన్నల ఉద్యోగం ఎక్కడుందో దాన్నిబట్టి బిడ్డ హక్కు మారకూడదని సమర్థించినవారు అన్నారు. రెండు వైపులా నిజాయతీగల ఆందోళనే కనిపిస్తుంది నాకు.

పూర్వీకుల పరిశోధనకు సంబంధించినంతవరకు అసలు విషయం ‘ముందు పుట్టినవారు’ అన్న భాగంలో ఉంది. అక్కడ గొలుసు వెనక్కి పోయేకొద్దీ ఒక్కో తరానికీ రుజువు కావాలి. ఫలానావారు ఫలానావారి బిడ్డ అని చెప్పే జనన రికార్డు, మధ్యలో ఆడవాళ్లుంటే ఇంటిపేరు మారినందుకు పెళ్లి రికార్డు. ఒక్క కొక్కెం ఊడినా గొలుసు తెగుతుంది.

మ్యాపు మీద కదిలిపోయే ఊళ్లు

1867 జూలై 1కి ముందు మనం ఇప్పుడు చూస్తున్న కెనడా లేదు. ఆ రోజు ఒంటారియో, క్యూబెక్, నోవా స్కోషియా, న్యూ బ్రన్స్‌విక్ కలిసి ఒక్కటయ్యాయి. అంతకుముందు 1841 నుంచి ఒంటారియో పేరు కెనడా వెస్ట్, క్యూబెక్ పేరు కెనడా ఈస్ట్. ఇంకా ముందు 1791 నుంచి అవి అప్పర్ కెనడా, లోయర్ కెనడా. పైన ఉన్నది ‘లోయర్’ ఎందుకైందంటే, ఆ పేర్లు సెయింట్ లారెన్స్ నది ఎగువ, దిగువలను బట్టి పెట్టినవి. సస్కాచెవాన్, అల్బెర్టా 1905లో పుట్టాయి. న్యూఫౌండ్‌లాండ్ 1949లో గానీ కెనడాలో చేరలేదు. 1910లో అక్కడ పుట్టిన మనిషి కెనడా జనాభా లెక్కల్లో దొరకలేదంటే అది వెదికినవాడి తప్పు కాదు, అప్పటికి అది వేరే ప్రాంతం.

పౌరసత్వమూ అంతే. ‘కెనడా పౌరుడు’ అనే మాటకు చట్టబద్ధత వచ్చింది 1947 జనవరి 1న. అంతకుముందు అందరూ బ్రిటిష్ ప్రజలే. అందువల్ల 1890లో ఇంగ్లండ్ నుంచి వచ్చినాయన పౌరసత్వ ఫైలు కోసం వెదికితే దొరకదు, ఆయనకు ఆ అవసరమే రాలేదు. ఉక్రెయిన్ ప్రాంతం నుంచో జర్మనీ నుంచో వచ్చినవారికి మాత్రం ఫైలు ఉండే అవకాశం ఉంది. పంజాబ్ నుంచి 1907లో వాంకూవర్‌లో దిగిన మనిషి కూడా కాగితం మీద బ్రిటిష్ ప్రజే. అయినా బ్రిటిష్ కొలంబియాలో ఆయనకు ఓటు లేదు, 1947 వరకు రాలేదు. కాబట్టి ఆయన పేరు పౌరసత్వ ఫైళ్లలో లేదు, ఓటర్ల జాబితాలోనూ లేదు.

క్యూబెక్‌లో ఒక జ్ఞానస్నానం పేజీ

కెనడా రికార్డుల్లో అన్నిటికన్నా దట్టమైనవి క్యూబెక్ కతోలిక విచారణల రిజిస్టర్లు. విచారణ అంటే ఒక గురువు కింద ఉండే చర్చి పరిధి. 1621 నుంచి ఈ రిజిస్టర్లు దొరుకుతున్నాయి. ఫ్రెంచి పాలన కాలంలోనే ప్రతి రిజిస్టరూ రెండు ప్రతులు రాయాలన్న నియమం వచ్చింది. ఒకటి చర్చిలో ఉంటుంది, రెండోది ప్రభుత్వానికి అందుతుంది. చర్చి తగలబడినా రెండో ప్రతి మిగులుతుంది. ఆ ముందుచూపు పుణ్యమా అని మూడు వందల ఏళ్లకు పైబడిన పేర్లు ఇవాళ్టికీ చదవగలుగుతున్నాం. ప్రభుత్వమే సొంతంగా జనన మరణాల నమోదు పూర్తిగా చేతిలోకి తీసుకున్నది 1994లో. అప్పటిదాకా చర్చి పుస్తకమే చట్టం దృష్టిలో జనన ధ్రువీకరణ.

అలాంటి పేజీ ఒకటి దగ్గరగా చూద్దాం. ఎడమ అంచున ‘బి’ అక్షరం, ఒక అంకె, బిడ్డ పేరు. ‘బి’ అంటే జ్ఞానస్నానం. ‘ఎం’ ఉంటే పెళ్లి, ‘ఎస్’ ఉంటే ఖననం. లోపల ఫ్రెంచిలో ఒకే వాక్యం సాగుతూ పోతుంది. తేదీని అంకెల్లో కాక అక్షరాల్లో రాస్తారు. ‘కింద సంతకం చేసిన గురువునైన మేము, నిన్న పుట్టిన జోసెఫ్ ఫలానాకు జ్ఞానస్నానం ఇచ్చాము, ఇతడు ఈ విచారణకు చెందిన ఫలానా రైతుకూ ఫలానా స్త్రీకీ ధర్మబద్ధమైన పెళ్లిలో పుట్టిన బిడ్డ’ అని. తర్వాత జ్ఞానతండ్రి, జ్ఞానతల్లి పేర్లు. చివర్లో తరచుగా ఒక మాట: సంతకం చేయడం తమకు రాదని చెప్పారు. నేను మొదటిసారి అలాంటి పేజీ తెరిచినప్పుడు ఆ చివరి మాట దగ్గరే చాలాసేపు ఉండిపోయాను. చదువు రాని రైతు, నిన్ననే పుట్టిన బిడ్డను గుడ్డల్లో చుట్టుకుని, చలిలో బండి కట్టుకుని చర్చికి వచ్చాడు. ఆ ఒక్క ప్రయాణం వల్లే ఆయన మునిమనవరాలికి ఇవాళ ఒక ఆధారం ఉంది.

ఈ పేజీలో బంగారం లాంటి వివరం తల్లి పేరు. ఫ్రెంచి కెనడా రికార్డుల్లో పెళ్లైన స్త్రీని పుట్టింటి ఇంటిపేరుతోనే రాసేవారు. ఇంగ్లిష్ రికార్డుల్లో భర్త ఇంటిపేరు కింద కనుమరుగైపోయే ఆడవాళ్లు ఇక్కడ చావు దాకా తమ పేరుతోనే కనిపిస్తారు. తల్లి వైపు పది తరాలు వెనక్కి వెళ్లడం క్యూబెక్‌లో సాధ్యమవుతున్నది అందుకే.

చిక్కులు కూడా ఇక్కడే. మొదటిది జోసెఫ్. క్యూబెక్ కతోలిక కుటుంబాల్లో మగపిల్లవాడికి జ్ఞానస్నానంలో మొదట జోసెఫ్ అని, ఆడపిల్లకు ‘మరీ’ (మేరీకి ఫ్రెంచి రూపం) అని పెట్టడం దాదాపు ఆచారం. పిలిచే పేరు దాని తర్వాత వచ్చేది. ఒకే ఇంట్లో అన్నదమ్ములందరూ జోసెఫ్‌లే కావచ్చు.

రెండోది ‘ది’ పేర్లు. ఫ్రెంచిలో ‘ది’ అంటే ‘అని పిలిచే’. 1665లో ఫ్రాన్స్ నుంచి వచ్చిన కరిన్యాన్-సాలియేర్ రెజిమెంటులో సైనికులకు మారుపేర్లు ఉండేవి. లాఫ్లూర్ అంటే పువ్వు, సాన్ సూసీ అంటే చింత లేనివాడు. రెజిమెంటు వెళ్లిపోయాక కొన్ని వందలమంది సైనికులు అక్కడే స్థిరపడ్డారు, మారుపేరు ఇంటిపేరు పక్కన చేరింది. తర్వాతి తరాల్లో ఒక కొడుకు అసలు ఇంటిపేరు, ఇంకో కొడుకు మారుపేరు వాడుకోవచ్చు. ఒకే కుటుంబం రెండు ఇంటిపేర్లుగా చీలిపోతుంది.

లోవెల్ మిల్లు నుంచి వెనక్కి నడిస్తే

ఇప్పుడు ఒక ఉదాహరణ కట్టుకుందాం. మనుషులు ఊహాజనితం, రికార్డుల తీరు మాత్రం నిజం. మసాచుసెట్స్‌లో ఒకావిడ ఇంటిపేరు గ్రీన్‌వుడ్. తాతగారి తండ్రి జోసెఫ్ గ్రీన్‌వుడ్ 1874 ప్రాంతంలో కెనడాలో పుట్టాడని ఇంట్లో చెప్పుకుంటారు. 1840 నుంచి 1930 మధ్య సుమారు 9 లక్షలమంది క్యూబెక్ వదిలి అమెరికా వెళ్లారు. ఎక్కువమంది లోవెల్, మాంచెస్టర్, ఫాల్ రివర్ లాంటి ఊళ్లలో బట్టల మిల్లుల్లో చేరారు.

ఆవిడ క్యూబెక్‌లో ‘జోసెఫ్ గ్రీన్‌వుడ్’ అని వెదికితే ఏమీ రాదు. అమెరికాలో ఉన్న కాగితాల నుంచి వెనక్కి రావాలి. 1900 అమెరికా జనాభా లెక్కల్లో జోసెఫ్ పుట్టిన చోటు ‘ఫ్రెంచి కెనడా’ అని ఉంది. ఇంగ్లిష్ ఇంటిపేరున్న మనిషి ఫ్రెంచివాడన్నమాట. లోవెల్‌లో ఫ్రెంచివాళ్ల చర్చిలో జరిగిన పెళ్లి రికార్డు తీస్తే, గురువు ఫ్రెంచిలో రాసుకున్నాడు కాబట్టి అందులో గ్రీన్‌వుడ్ లేదు, బ్వావేర్ ఉంది. ‘బ్వా’ అడవి, ‘వేర్’ పచ్చ. ఎవరో పేరును అనువాదం చేసేశారు. ఇలాగే ర్వా అనేవారు కింగ్ అయ్యారు, లెబ్లాన్ వైట్ అయ్యాడు. ఓడరేవులో అధికారి పేరు మార్చేశాడని చాలా కుటుంబాల్లో కథ ఉంటుంది కానీ, చాలావరకు ఆ మార్పులు మిల్లు గుమాస్తా, బడి పంతులు, పక్కింటివాళ్ల నోట్లో నెమ్మదిగా జరిగినవే.

ఆ పెళ్లి రికార్డులో పెళ్లికొడుకు తల్లిదండ్రుల పేర్లు ఉన్నాయి, తల్లి పుట్టింటి పేరుతో సహా. ఇక జోసెఫ్‌ను వెదకక్కర్లేదు. ఆ తల్లిదండ్రుల జంటను వెదకాలి. జోసెఫ్ బ్వావేర్లు వందమంది ఉండొచ్చు, ఆ రెండు పేర్లు కలిసిన జంట మాత్రం సాధారణంగా ఒక్కటే. క్యూబెక్ పరిశోధకులందరూ పెళ్లి రికార్డులనే మెట్లుగా వాడేది ఇందుకే. జంట పెళ్లి ఏ విచారణలో జరిగిందో తెలిస్తే ఆ చుట్టుపక్కల జ్ఞానస్నానం పేజీల్లో 1874 జోసెఫ్ దొరుకుతాడు. 1881 కెనడా జనాభా లెక్కల్లో అదే ఊళ్లో అదే తల్లిదండ్రుల ఇంట్లో ఏడేళ్ల పిల్లవాడు కనిపిస్తే గొలుసు గట్టిపడినట్టే. కనిపించకపోతే? అప్పటికే కుటుంబం అమెరికా వెళ్లి ఉండొచ్చు. పిల్లవాడు చనిపోయి ఉండటానికీ వీలుంది. అందుకే ఖననం పేజీలు కూడా చూడకుండా ఇతడే మావాడు అనేయడం ప్రమాదం. చనిపోయిన బిడ్డ పేరే తర్వాత పుట్టిన బిడ్డకు పెట్టడం అప్పట్లో మామూలు.

ఒంటారియోలో, తూర్పు తీరంలో ఖాళీలు

క్యూబెక్ దాటితే ఈ ధారాళం ఉండదు. ఒంటారియో ప్రభుత్వం జనన, వివాహ, మరణాల నమోదు మొదలుపెట్టింది 1869 జూలై 1న. మొదటి కొన్నేళ్లు చాలామంది పట్టించుకోలేదు. అంతకుముందు కాలానికి అక్కడ భూమి కాగితాలే దిక్కు. అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో బ్రిటన్ పక్షాన నిలిచి పారిపోయి వచ్చిన లాయలిస్టుల కొడుకులకు, కూతుళ్లకు ఒక్కొక్కరికి 200 ఎకరాలు ఇచ్చేవారు. ఫలానావారి కూతురినని, నాకూ భూమి ఇవ్వాలని వాళ్లు పెట్టుకున్న అర్జీలు జనన రికార్డు లేని చోట బంధుత్వాన్ని చెబుతాయి.

నోవా స్కోషియాది విచిత్రమైన పరిస్థితి. 1864లో జనన మరణాలు నమోదు చేయడం మొదలుపెట్టి, 1877లో ఆపేసి, మళ్లీ 1908లో ఎత్తుకున్నారు. 1890లో అక్కడ పుట్టినవారికి ప్రభుత్వ జనన రికార్డు సహజంగానే ఉండదు. ఈ సంగతి తెలియక ఏళ్ల తరబడి వెదికేవాళ్లుంటారు. అదే ప్రాంతం నుంచి 1755లో బ్రిటిష్‌వాళ్లు అకేడియన్లనే ఫ్రెంచి రైతులను వెళ్లగొట్టారు. గ్రాన్-ప్రే అనే వాళ్ల ఊరి చర్చి రిజిస్టర్లను ఆ జనం తమతోపాటు తీసుకెళ్లారు, అవి చివరికి వేల కిలోమీటర్ల దూరంలో అమెరికాలోని లూసియానా చేరాయి. ఇల్లూ పొలమూ పోగొట్టుకుని వెళ్తున్నవాళ్లు పుస్తకాలు మోసుకెళ్లారంటే, వాటి విలువ వాళ్లకు ఎంత తెలుసో!

పాత రికార్డులు ఎప్పుడు చూడనిస్తారన్నది కూడా రాష్ట్రాన్ని బట్టే. బ్రిటిష్ కొలంబియాలో జనన రికార్డు 120 ఏళ్లకు, వివాహం 75 ఏళ్లకు, మరణం 20 ఏళ్లకు అందరికీ తెరుస్తారు.

జనాభా లెక్కలు: నిజం ఎంత, ఎన్యుమరేటర్ చెవి ఎంత

ఫ్రెంచివాళ్ల కాలంలో జాన్ తాలోన్ అనే అధికారి 1666లో ఇల్లిల్లూ తిరిగి 3,215 మందిని లెక్కపెట్టాడు. ఆదివాసులు, రాజు సైనికులు ఆ లెక్కలో లేరు. దేశవ్యాప్త జనాభా లెక్కలు 1871 నుంచి పదేళ్లకోసారి జరిగాయి. ఒట్టావాలోని జాతీయ గ్రంథాలయం, ఆర్కైవ్స్ వీటిని ఉచితంగా ఆన్‌లైన్‌లో ఉంచింది. 1931 వరకు చూడొచ్చు.

జనాభా లెక్కల్లో వయసు దగ్గర తడబడటం మామూలు. 1851, 1861 లెక్కల్లో అడిగింది ఇప్పటి వయసు కాదు, వచ్చే పుట్టినరోజుకు ఎన్నేళ్లు నిండుతాయని. పైగా 1851 లెక్క నిజానికి తీసింది 1852 జనవరిలో. ‘25’ అని ఉంటే ఆ మనిషికి అప్పటికి నిండినవి 24. పుట్టిన సంవత్సరం కోసం 1851లోంచి 25 తీసేస్తే 1826 వస్తుంది, సరైన లెక్క 1827. ఒక్క ఏడాదే కదా అనిపిస్తుంది కానీ, ఒకే ఊళ్లో ఒకే పేరున్న ఇద్దరు పినతండ్రి పిల్లలను విడదీయడానికి ఆ ఒక్క ఏడాదే ఆధారం కావచ్చు. 1901లో పుట్టిన తేదీ, వలస వచ్చిన సంవత్సరం కూడా అడిగారు కాబట్టి అది చాలామందికి ఇష్టమైన లెక్క. అదే లెక్కలో రంగు కాలమ్ కూడా ఉంది: తెలుపు, ఎరుపు, నలుపు, పసుపు. ఆ అక్షరం ఎన్యుమరేటర్‌కు పైనుంచి వచ్చిన ఆదేశాన్ని చెబుతుంది. ఆ మనిషి తనను తాను ఏమనుకున్నాడో అందులో ఉండదు.

1931 లెక్కలో ఇంట్లో రేడియో ఉందా అని ఒక ప్రశ్న. మాంద్యం మొదలైన రోజుల్లో మీ తాత ఇంట్లో రేడియో ఉండేదో లేదో తొంభై ఏళ్ల తర్వాత తెలియడం చిన్న సంతోషం కాదు. 2023 జూన్ 1న ఈ లెక్కను విడుదల చేశారు, ఎందుకంటే చట్టం 92 ఏళ్లు ఆగమంటుంది. కాగితపు అసలు ప్రతులు ఎప్పుడో నాశనమయ్యాయి. మైక్రోఫిల్ములు ఉండబట్టి బతికింది. చేతిరాతను కంప్యూటరు చదివి సూచిక తయారుచేసింది కాబట్టి వింత స్పెల్లింగులు చాలా ఉన్నాయి. పేరుతో దొరకనివాళ్లను ఊరును బట్టి పేజీలు తిప్పి పట్టుకోవాల్సిందే. 1941 లెక్క 2033లో వస్తుంది.

ఈ 92 ఏళ్ల మీద కూడా వివాదం నడిచింది. రహస్యంగా ఉంచుతామని చెప్పి జవాబులు తీసుకున్నాక, మనిషి పోయాడని బయటపెట్టడం మాట తప్పడమేనని ఒక వాదం. మామూలు జనం బతుకు మిగిలేది ఈ పుస్తకాల్లోనే, దాచేస్తే చరిత్ర దొరల చరిత్రగానే మిగిలిపోతుందని చరిత్రకారుల వాదం. మధ్యేమార్గంగా 2006 నుంచి ‘92 ఏళ్ల తర్వాత మీ వివరాలు ఇవ్వొచ్చా’ అని ప్రజలనే అడిగారు. మొదటిసారి ఒప్పుకున్నవారు సగానికి కాస్త ఎక్కువ మాత్రమే. 2017లో చట్టం మార్చి ఆ ప్రశ్న తీసేశారు, 2021 లెక్క నుంచి అందరి వివరాలూ 92 ఏళ్లకు తెరుచుకుంటాయి. నాకు చరిత్రకారుల మాటే సబబుగా తోస్తుంది. కానీ 2006, 2011, 2016లో ‘వద్దు’ అన్నవారి మాటను గౌరవించాల్సిందే, వాళ్ల మునిమనవలకు అక్కడ ఖాళీ పేజీ మిగిలినా సరే.

వద్దనుకున్నవారి గురించే ఎక్కువ రాశారు

ఓడ ప్రయాణికుల జాబితాలు క్యూబెక్ రేవుకు 1865 నుంచి ఉన్నాయి. అంతకుముందు వచ్చినవారి జాబితాలు పద్ధతిగా దాచలేదు. అందుకే 1847 ఐరిష్ కరువులో వచ్చిన జనం జాడ కష్టం. ఆ ఒక్క ఏడాదిలోనే సెయింట్ లారెన్స్ నదిలోని గ్రోస్ ఈల్ క్వారంటైన్ దీవిలో 5 వేలమందికి పైగా ఖననమయ్యారు.

జాబితాలు చదివేకొద్దీ ఒక బాధాకరమైన సంగతి బయటపడుతుంది. ప్రభుత్వం ఎవరిని రానివ్వకూడదనుకుందో వాళ్ల గురించే వివరంగా రాసింది. స్కాట్లండ్ నుంచి వచ్చిన రైతు గురించి ఒక్క వరుస ఉంటే, చైనా నుంచి వచ్చిన కూలీ గురించి పుట్టిన ఊరు, ఎత్తు, ముఖం మీద మచ్చలతో సహా రిజిస్టరు ఉంది. 1885లో చైనావాళ్ల మీద 50 డాలర్ల తలపన్ను పెట్టారు, 1900లో 100 చేశారు, 1903లో 500. 1923లో వాళ్ల వలసనే దాదాపు నిషేధించారు. ఆ పన్ను రసీదు కోసం రాసుకున్న పుస్తకమే ఇవాళ చైనా కెనడియన్లకు వంశవృక్షం. అందులోనూ జాగ్రత్త అవసరం. నిషేధం తప్పించుకోవడానికి కొందరు వేరేవాళ్ల కాగితాలు కొని వేరేవాళ్ల కొడుకులుగా వచ్చారు. కాగితం మీద తండ్రి ఒకరు, కన్నతండ్రి ఇంకొకరు. అలాంటి ఇళ్లలో పెద్దవాళ్లకు తెలిసిన మాట సర్కారు పుస్తకం కన్నా నిజం.

1869 నుంచి 1932 మధ్య బ్రిటన్ నుంచి లక్షమందికి పైగా పిల్లలను పొలాల్లో, ఇళ్లలో పనికి కెనడా పంపారు. వాళ్లను ‘హోమ్ చిల్డ్రన్’ అంటారు. అనాథలని చెప్పినా చాలామందికి తల్లో తండ్రో బతికే ఉన్నారు. వాళ్ల మొదటి జీవితం ఫైళ్లు కెనడాలో కాదు, పంపిన సంస్థల దగ్గర బ్రిటన్‌లో ఉన్నాయి. కెనడా కుటుంబ చరిత్ర కెనడా బయట దొరకడం ఇలా చాలాసార్లు జరుగుతుంది.

రక్తమా, సమాజమా: ఆదివాసీ మూలాల చర్చ

అన్నిటికన్నా సున్నితమైన అంశం ఇది. ఆదివాసీ, ఐరోపా కుటుంబాల కలయికతో పశ్చిమ మైదానాల్లో ఏర్పడిన మేటీ జాతికి 1870 తర్వాత భూమి బదులు స్క్రిప్ అనే పత్రాలు ఇచ్చారు. దాని కోసం వాళ్లిచ్చిన వాంగ్మూలాల్లో పుట్టిన చోటు, తల్లిదండ్రులు, పిల్లల వివరాలున్నాయి. విన్నిపెగ్‌లో ఉన్న, జంతువుల బొచ్చు చర్మాల వ్యాపారం చేసిన హడ్సన్స్ బే కంపెనీ ఆర్కైవ్స్ కూడా ఈ కుటుంబాలకు పెద్ద ఆధారం. ఆ పత్రాల్లో ఎక్కువ భాగం చివరికి దళారుల చేతుల్లోకి పోయిందన్నది వేరే విషాదం.

క్యూబెక్ రిజిస్టర్లు అంత లోతుగా ఉండటంతో చాలామందికి 1600ల నాటి ఆదివాసీ ముత్తవ్వ ఒకరు తేలుతున్నారు. పది తరాల వెనక ఒక మనిషికి 1,024 పూర్వీకుల స్థానాలుంటాయి, ఆమె అందులో ఒకటి. ఆమె డీఎన్ఏ ఇవాళ్టి మనిషిలో లవలేశం కూడా మిగిలి ఉండకపోవచ్చు. మొదటి ఫ్రెంచి వలసదారులు కొద్దివేలే కాబట్టి లక్షలమందికి ఆమే పూర్వీకురాలు. ఇంత దగ్గర చుట్టరికాల వల్లే క్యూబెక్ మూలాలున్నవారి డీఎన్ఏ పరీక్షల్లో దూరపు బంధువు దగ్గరవాడిలా కనిపిస్తాడు, ఒకే వ్యక్తితో నాలుగైదు దారుల్లో చుట్టరికం కలిసి ఉంటుంది.

ఆ ఒక్క ముత్తవ్వ ఆధారంగా ‘మేమూ మేటీలమే’ అనవచ్చా? తూర్పున కొన్ని సంఘాలు అవునంటున్నాయి. వివక్షకు భయపడి తమ పెద్దలు మూలాలు దాచారని, ఇప్పుడు తిరిగి తెచ్చుకుంటున్నామని వాళ్ల మాట. మేటీ జాతి నాయకులు, ఎంతోమంది పండితులు కాదంటున్నారు. మేటీ అంటే తనదైన చరిత్ర, భాష, బంధుత్వాలు ఉన్న జాతి కానీ రక్తపు చుక్క కాదని వాళ్ల వాదన. 2003లో పౌలీ కేసులో కెనడా సుప్రీంకోర్టు మూడు విషయాలు చూడమంది: తనను తాను అలా గుర్తించుకోవడం, చారిత్రక సమాజంతో పూర్వీకుల సంబంధం, ఇవాళ్టి సమాజం అంగీకారం. వంశవృక్షం చూపగలిగేది అందులో ఒకదాన్నే. కాగితం దొరికినంత మాత్రాన సమాజం దొరకదు.

వాంకూవర్ నుంచి విశాఖ దాకా వెళ్లే దారి

మనవాళ్ల కెనడా చరిత్ర 1967లో చదువు, నైపుణ్యాలను బట్టి వలసకు అనుమతించే పాయింట్ల పద్ధతి వచ్చాకే మొదలైందని అనుకుంటాం. వైద్యులు, ఇంజనీర్లు నేరుగా వెళ్లిన దారి అదే. అంతకుముందు భారతీయులకు 1908 నుంచి ‘ఆగకుండా ఒకే ప్రయాణంలో రావాలి’ అన్న నిబంధన అడ్డుండేది. 1914లో కొమగాట మారు ఓడలో వచ్చిన 376 మందిలో 24 మందినే దిగనిచ్చి మిగతావారిని తిప్పి పంపారు. 1951లో కూడా భారత్‌కు ఇచ్చిన కోటా ఏడాదికి 150 మందే.

ఇంకో దారి కూడా ఉంది, దాన్ని మనం తక్కువగా తలచుకుంటాం. 1879 నుంచి 1916 దాకా 60 వేలకు పైగా భారతీయులు ఫిజీ చెరుకు తోటలకు ఒప్పంద కూలీలుగా వెళ్లారు. 1903 నుంచి మద్రాసు రేవు నుంచీ ఓడలు కదిలాయి. వాటిలో విశాఖపట్నం, గోదావరి, కృష్ణా జిల్లాల మనుషులున్నారు. 1987లో ఫిజీలో సైనిక కుట్రలు జరిగాక ఎంతోమంది భారత సంతతివారు వాంకూవర్ చుట్టుపక్కల ఊళ్లకు చేరారు. ఆ ఇళ్లలో కొన్నిటి మూలం తెలుగు.

వాళ్ల వంశవృక్షం కెనడా ఆర్కైవ్స్‌లో ఒక్క తరం దాటదు. ఆ తర్వాత ఫిజీ జాతీయ ఆర్కైవ్స్‌లోని వలస పాసులే దారి. ఒక్కో కూలీకి ఒక్కో పాసు. ఓడ పేరు, మనిషి నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఎత్తు, ఒంటి మీద పుట్టుమచ్చ. ఇక్కడా అంతే, పారిపోతే పట్టుకోవడానికి రాసుకున్న వివరాలివి. మన ఊరి అప్పలస్వామి ఇంగ్లిష్ గుమాస్తా చేతిలో అప్పల్‌సామి అవుతాడు. ఫిజీలో కొడుకుకు ఆ తండ్రి పేరే ఇంటిపేరైపోతుంది, అదే వాంకూవర్‌లో మునిమనవరాలి డ్రైవింగ్ లైసెన్సు మీదకు చేరుతుంది. పాసులో పుట్టుమచ్చకు గడి ఉంది, ఇంటిపేరుకు లేదు. ఆ ఇంటిపేరు కావాలంటే గడిలో రాసిన ఊరికే రావాలి, ఆ తాలూకా పాత భూమి రికార్డుల్లో వెదకాలి, లేదంటే పెద్దవాళ్ల దగ్గర కూర్చుని ‘మీ వంశంలో ఎవరైనా ఓడెక్కి వెళ్లి మళ్లీ రానివాళ్లున్నారా’ అని అడగాలి.